చైనా ఫుట్‌బాల్ ఆదివారాలు

షెన్‌యాంగ్ నగరంలోని వూలీహ స్టేడియాన్ని 2007 ఫిబ్రవరి 12న పేలుడు మందు పెట్టి కూల్చేశారు. కట్టి పట్టుమని ఇరవై ఏళ్లు కూడా కాలేదు. చైనా పురుషుల జట్టు ప్రపంచ కప్‌కి అర్హత సంపాదించిన ఒకే ఒక్క చోటు అది. 2001 అక్టోబర్ 7న ఒమన్ మీద 36వ నిమిషంలో యూ గెన్‌వెయ్ కొట్టిన గోలు అక్కడే పడింది. ఆ ఒక్క గోలుతోనే ఇంకా రెండు ఆటలు మిగిలుండగానే టికెట్ ఖాయమైంది. ఆ రాత్రి ఊరూరా జనం రోడ్ల మీదే ఉన్నారు.

ఆ రోజు ఆదివారం.

క్యాలెండర్ తిరగేస్తే ఇదో తమాషా. చైనా ఫుట్‌బాల్ అభిమానిని నవ్వించిన రోజులూ ఏడిపించిన రోజులూ తీసి చూడండి, సగానికి పైగా ఆదివారాలే. కొంత యాదృచ్ఛికం. కొంత మాత్రం కాదు: 1994 మార్చికి ముందు చైనాలో వారానికి ఒక్కటే సెలవు. ఆరు రోజులు పని, ఒక రోజు ఇల్లు. పెద్ద ఆట పెట్టాలంటే ఆ ఒక్క రోజే దిక్కు.

వరసలో మొదటిది 1981 అక్టోబర్ 18. బీజింగ్ వర్కర్స్ స్టేడియంలో అప్పటి ఆసియా విజేత కువైట్ మీద 3–0. రోంగ్ జిహాంగ్ ఆడుతున్న రోజులు. ఎదుటివాడు కాలు విరగ్గొట్టేలా వచ్చినా తిరగబడని మనిషి, అందుకే అతని పేరుమీద ఒక ఆట తీరునే చెప్పుకునేవారు. ఆ గెలుపుతో 1982 స్పెయిన్ ప్రపంచ కప్ చేతికి అందినంత దగ్గరకొచ్చింది. తర్వాత జరిగింది లెక్కల పరీక్ష. గెలుపుకి రెండు పాయింట్ల కాలం. చైనా తన ఆరు ఆటలూ ముగించి 7 పాయింట్లతో, గోల్స్ తేడా +5తో కూర్చుంది. న్యూజీలాండ్‌కి 5 పాయింట్లు, తేడా సున్నా, మిగిలింది రియాద్‌లో సౌదీతో ఒక్క ఆట. సమం కావాలంటే అయిదు గోల్స్ తేడాతో నెగ్గాలి. సౌదీ గడ్డ మీద అదెక్కడ జరిగే పని అని శిక్షణ ఆపేసి ఆటగాళ్లని ఇళ్లకి పంపేశారు. డిసెంబర్ 19న న్యూజీలాండ్ సగం ఆటకే 5–0 చేసి కూర్చుంది. రెండో సగంలో ఇంకొక్కటి కొట్టి ఉంటే ప్లే ఆఫ్ కూడా అక్కర్లేకపోయేది. ఒంట్లో పట్టు సడలిన ఆటగాళ్లని మళ్లీ పోగుచేసి సింగపూర్ తీసుకెళితే 1982 జనవరి 10న 2–1తో ఓటమి. అదీ ఆదివారమే.

రెండోది చెప్పుకోవడానికే ఇబ్బంది. 1985 మే 19, మళ్లీ వర్కర్స్ స్టేడియం, ఎదుట హాంకాంగ్. డ్రా అయినా చాలు, చైనా ముందుకెళ్తుంది. మొదటి ఇరవై నిమిషాల్లోనే హాంకాంగ్ ఫ్రీకిక్ గోలు, 31లో లీ హుయి సమం చేశాడు, 60లో హాంకాంగ్ ఇంకొకటి. మిగిలిన అరగంటలో బంతిని పెనాల్టీ పెట్టెలోకి గాల్లో పంపడం తప్ప వేరే ఉపాయం తోచలేదు. పొడవైన బంతులన్నీ హాంకాంగ్ రక్షకుల తలల మీదే పడ్డాయి. ఆట అయ్యాక జనం సీసాలు విసిరారు, కార్లు తిప్పేశారు, 127 మందిని పట్టుకెళ్లారు. కోచ్ జెంగ్ షుయెలిన్ తప్పుకున్నాడు. అదే జట్టు అంతకు ముందు ఏడాది ఆసియా కప్‌లో రెండో స్థానం తెచ్చింది. మన కలకత్తా, కొచ్చి జనానికీ ఆనాటి చైనా జట్టు బాగా తెలుసు. 1982, 83, 84 మూడేళ్లు వరుసగా నెహ్రూ కప్ ఫైనల్‌కి వచ్చింది, ఉరుగ్వే, హంగరీ, పోలండ్ చేతుల్లో మూడుసార్లూ ఓడింది. చేతకాని జట్టు కాదు. ఆఖరి మెట్టు మీద కాలు జారే జట్టు.

ఇప్పుడు అసలు ఆదివారాలకి వద్దాం. 1994కి ముందు దేశవాళీ లీగ్ అంటే ఎక్కువగా జట్లన్నీ ఒకే ఊళ్లో పోగై, వరసగా ఆటలు ఆడేసి వెళ్లిపోవడం. ఆటగాడు రాష్ట్ర క్రీడా శాఖ జీతగాడు. తిండి, మంచం, బూట్లు అన్నీ సర్కారువే. సైన్యానికి బాయీ అని సొంత జట్టుండేది. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చిన రోజుల్ని తలచుకుంటే ఆ పద్ధతి మనకీ కొత్త కాదు. దాంట్లో ఆటగాళ్లు తయారవుతారు. అభిమానులు మాత్రం తయారవరు. తన ఊరి జట్టు తన ఊళ్లో ఆడనప్పుడు ఎవడిని చూసి అరుస్తాడు?

1992 జూన్‌లో బీజింగ్ శివారు హోంగ్‌షాన్‌కోలో జరిగిన సమావేశం ఈ ముడి విప్పింది. జట్లు క్లబ్బులు కావాలి, సంపాదన అవే చూసుకోవాలి. దాని ఫలితమే జియా ఎ అనే పై అంచె లీగ్. పన్నెండు జట్లు, సొంతూళ్లో పదకొండు ఆటలు, బయట పదకొండు. 1994 ఏప్రిల్ 17న సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డూలో మొదలైంది. అంతవరకూ దేశాన్ని ఏలిన, ఆసియా క్లబ్ కప్ కూడా నెగ్గిన లియావోనింగ్‌ని సిచువాన్ ఛువాన్‌షింగ్ 1–1తో ఆపింది. ఏ వారమో చెప్పక్కర్లేదనుకుంటా. లీగ్‌కి డబ్బు పెట్టింది మార్ల్‌బరో సిగరెట్. ఛువాన్‌షింగ్ అంటే సిచువాన్ సారా బ్రాండ్. పొగాకూ సారా కలిసి ఆటని నిలబెట్టాయంటే ఇవాళ నవ్వొస్తుంది, అప్పుడెవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది వేరే. చెంగ్డూ స్టేడియం పసుపు రంగు కట్టుకుంది. 'షియోంగ్‌చీ' అని ఒక కేక పుట్టింది. సిచువాన్ యాసలో రొమ్ము విరుచుకుని లేవమని అర్థం, కాస్త మోటు మాట కూడా. పత్రికలు మొదట ముఖం చిట్లించి, తర్వాత శీర్షికల్లో పెట్టుకున్నాయి. 1995లో ఆ జట్టు కింది అంచెకి జారిపోయే స్థితికొస్తే చివరి రెండు ఆటలూ సొంతూళ్లోనే పడ్డాయి. ఊరు ఊరంతా దాన్ని చెంగ్డూ కోట రక్షణ అని పిలిచింది. రెండూ నెగ్గారు, నిలిచారు. కప్ గెలిచిన జట్లని మరిచిపోయిన చెంగ్డూ పెద్దలకి కూడా ఈ నిలబడటం గుర్తుంటుంది. అదే ఏడాది, దేశాన్ని ఏలిన లియావోనింగ్ కింది అంచెకి జారింది.

దాలియన్‌ది ఇంకో కథ. 1995 నుంచి 1997 దాకా 55 లీగ్ ఆటలు ఓటమి లేకుండా ఆడింది. ఫార్వర్డ్ హావ్ హైదోంగ్ సైన్యం జట్టు వదిలి అక్కడికి చేరాక ఆపడం మరీ కష్టమైంది. బీజింగ్ గువోఆన్ మాత్రం లీగ్ గెలవకపోయినా ఒక ఆదివారాన్ని సొంతం చేసుకుంది: 1997 జూలై 20, షాంఘై షెన్‌హువా మీద 9–1. కాంపోస్, కాసియానో, ఆండ్రెస్ ముగ్గుర్నీ కలిపి మూడు విదేశీ తుపాకులనేవారు. షాంఘై వాళ్ల ముందు ఇప్పటికీ తొమ్మిది, ఒకటి అంకెలు పక్కపక్కన పెట్టకపోవడం మర్యాద. బీజింగ్ వాళ్లకి ఆ మర్యాద లేదు.

ఇంతలో ఒక పిచ్చి పరీక్ష కూడా నడిచింది, ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. సీజన్‌కి ముందు జట్లన్నీ కున్‌మింగ్ దగ్గర హైగెంగ్ శిబిరానికి వెళ్లాలి. సముద్ర మట్టానికి 1,900 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ 12 నిమిషాల్లో 3,100 మీటర్లు పరిగెత్తాలి. నాలుగొందల మీటర్ల ట్రాక్ మీద ఏడు చుట్లూ ముప్పావు, చుట్టుకి 93 సెకన్లు. తప్పితే ఆ ఏడాది లీగ్‌లో పేరు నమోదు కాదు. సిగరెట్ తాగి తిరిగే ఆటగాళ్లని దారిలో పెట్టాలన్నది ఉద్దేశం, అందులో తప్పులేదు. కానీ ఫుట్‌బాల్‌లో ఎవడూ పన్నెండు నిమిషాలు ఒకే వేగంతో పరిగెత్తడు. ఇరవై మీటర్లు దూసుకెళ్లి, ఆగి, నడిచి, మళ్లీ దూసుకెళ్తాడు. నిలకడ పరుగు కోసం చలికాలమంతా తయారైతే ఆ మొదటి అయిదు అడుగుల విసురు మొద్దుబారుతుంది. మోకాలి దెబ్బలున్న ముప్పై ఏళ్ల మిడ్‌ఫీల్డర్, బంతితో ఎంత మాంత్రికుడైనా సరే, ట్రాక్ మీద కూలబడేవాడు. బంతి లేకుండానే ఏడాది జాతకం తేలిపోయేది. చివరికి ఆగి ఆగి పరిగెత్తించే యోయో పరీక్షకి మారారు. అప్పటికి ఒక తరం ఆటగాళ్లు చలికాలాలన్నీ ట్రాక్‌కే ధారపోశారు.

1997 శరత్కాలం. ఫ్రాన్స్ ప్రపంచ కప్ అర్హత ఆటలకి దాలియన్ శివారు జిన్‌జౌ స్టేడియాన్ని ఎంచుకున్నారు. సెప్టెంబర్ 13న ఇరాన్ మీద 2–0తో ముందుండి 2–4తో ఓడారు. అక్టోబర్ 31న ఖతర్ చేతిలో 2–3. తొమ్మిదేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని ఫుజౌ నుంచి అంత దూరం వెళ్లి ఆ ఆట చూసొచ్చిన ఒక తండ్రి, ఇంటికొచ్చి ఇంటర్నెట్ చర్చా వేదికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. డయలప్ మోడెమ్‌ల కాలం. అయినా అది చేతులు మారి మారి పత్రికల్లో అచ్చయ్యేదాకా వెళ్లింది. చైనా ఇంటర్నెట్‌లో నలుగురి నోళ్లలో నానిన మొదటి రాతల్లో అదొకటి, విషయం చూస్తే ఫుట్‌బాల్ ఓటమి. ఆ వేదిక నడిపిన సంస్థే మరుసటి ఏడాది సీనా అనే పెద్ద వెబ్ పోర్టల్ అయింది.

అర్ధరాత్రి టీవీ సంగతి కొంచెం. 1980ల చివర్నుంచే చైనా ప్రభుత్వ టీవీ సంస్థ సీసీటీవీ ఇటలీ లీగ్ ఆటలు చూపించేది. ఆదివారం రాత్రి ఇల్లంతా పడుకున్నాక తగ్గించిన శబ్దంలో మిలాన్, ఇంటర్, సాంప్డోరియా. ఒక తరం మగపిల్లలకి ఇటలీ పటం ఫుట్‌బాల్ జట్ల పేర్లతోనే వచ్చు. 2016లో ఒక చైనా దుకాణాల సంస్థ ఇంటర్‌ని కొనేసింది, ఎనిమిదేళ్లకి అప్పు తీర్చలేక పోగొట్టుకుంది. ఆ మోజు వేళ్లు ఆ ఆదివారం రాత్రుల్లోనే ఉన్నాయని నా అనుమానం.

అమ్మాయిల మాట ఎత్తకుండా ఈ జ్ఞాపకాలు పూర్తికావు. మగవాళ్లు క్వాలిఫయింగ్ లెక్కల్లో మునిగి ఉంటే వాళ్లు ఒలింపిక్ రజతం తెచ్చేశారు, 1996లో. 1999 ప్రపంచ కప్ ఫైనల్ అమెరికాలో రోజ్ బౌల్ స్టేడియంలో, 90,185 మంది ముందు. అక్కడ శనివారం మధ్యాహ్నం, చైనాలో ఆదివారం తెల్లవారుజాము. అదనపు సమయంలో ఫాన్ యున్‌జియె తలతో కొట్టిన బంతిని అమెరికా క్రీడాకారిణి క్రిస్టీన్ లిల్లీ గోలు గీత మీద నిలబడి తలతోనే బయటికి కొట్టింది. వీఏఆర్, గోల్ లైన్ కెమెరాలు లేని కాలం. బంతి గీత దాటిందా అని చైనా టీ కొట్లలో ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 0–0 మీద పెనాల్టీలు, లియు యింగ్ కొట్టింది ఆపేశారు, 5–4. ఆపిన గోలీ బ్రయానా స్కరీ గీత వదిలి ముందుకి రావడం అప్పటి నిబంధన ప్రకారం తప్పే. రిఫరీ విజిల్ ఊదలేదు. ఆ టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి సున్ వెన్. ఆ జట్టుకి ఉక్కు గులాబీలన్న పేరు మగవాళ్లని దెప్పడానికి కూడా పనికొచ్చింది.

మళ్లీ వూలీహకి. 2001లో అదృష్టం కూడా కలిసొచ్చింది, కాదనలేం. జపాన్, కొరియా ఆతిథ్య దేశాలు కాబట్టి అర్హత పోటీల్లో లేవు. సౌదీ, ఇరాన్ రెండూ అవతలి గ్రూప్‌లో పడ్డాయి. చైనా గ్రూప్‌లో యూఏఈ, ఉజ్బెకిస్తాన్, ఖతర్, ఒమన్. కోచ్ బోరా మిలుటినోవిచ్‌కి అది వరసగా అయిదో దేశం, అయిదో ప్రపంచ కప్. సొంతగడ్డ ఆటలన్నీ షెన్‌యాంగ్‌లోనే పెట్టించడం తెలివైన పని: శరత్కాలపు చలి గల్ఫ్ జట్లకి పడదు, జనం కూడా బీజింగ్‌లో లాగా సొంత జట్టుని తిట్టరు. ఎనిమిది ఆటల్లో ఆరు గెలుపులు, ఒక డ్రా, చివర్లో ఒక ఓటమి.

ఆ ఆదివారానికి ముందు రోజు ఏం జరిగిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. రెండో అంచె లీగ్ చివరి రౌండ్, పై అంచెకి ఎక్కే పోటీ. గోల్స్ తేడా కావాల్సిన జట్లకి గోల్స్ వాటంతటవే వచ్చిపడ్డాయి. అంతకు వారం ముందు ఒక ఆట 11–2తో ముగిసింది. అయిదు క్లబ్బుల మీద శిక్షలు పడ్డాయి. లంచం తీసుకున్న ఒక రిఫరీకి 2003 జనవరిలో పదేళ్ల జైలు. జియా అన్న మాటనే వేరే అక్షరంతో రాస్తే చైనీస్‌లో నకిలీ అని అర్థం. జనం జియా ఎని నకిలీ ఎ అనడం మొదలెట్టారు. పలకడానికి కష్టపడక్కర్లేదు కూడా. 2002 ప్రపంచ కప్‌లో కోస్టారికా చేతిలో 0–2, బ్రెజిల్ చేతిలో 0–4, టర్కీ చేతిలో 0–3. ఒక్క గోలు లేదు, గోలుస్తంభానికి తగిలిన రెండు బంతులు తప్ప. 2004లో కొత్త పేరుతో సూపర్ లీగ్ పెట్టారు. మరుసటి ఏడాది లీగ్ పేరుకి ముందు పెట్టుకోవడానికి స్పాన్సర్ కూడా దొరకలేదు.

ఎక్కడ చెడిందని అడిగితే చాలామంది అవినీతి అంటారు. నేను మాత్రం పిల్లల దగ్గర మొదలుపెడతాను. వయసు దొంగతనం. పదిహేనేళ్లవాడిని పదమూడు అని రాయించి జట్టులో పెట్టడం. కోచ్ ఉద్యోగం అండర్-13 పతకాల మీద ఆధారపడితే ఎవడైనా అదే చేస్తాడు. రెండేళ్లు పెద్దవాడు ఎత్తుతో, భుజంతో గెలిచేస్తాడు. బంతిని మొదటి స్పర్శలో ఆపడం, తల ఎత్తి చూడటం నేర్చుకోవాల్సిన అవసరమే రాదు. పక్కనున్న చిన్నవాడు నేర్పరి అయినా బెంచీ మీద కూర్చుని కూర్చుని మానేస్తాడు. పంతొమ్మిదికి అందరి ఎత్తూ ఒకటే అవుతుంది, పెద్దవాడి బలం ఆవిరి. ఇద్దరూ పోయారు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసే పద్ధతి పెట్టారు కానీ, దాంట్లోనూ అటూ ఇటూ ఏడాది తేడా వస్తుంది. అప్పుడు త్వరగా ఎదిగిన నిజాయితీపరుడు కూడా దొంగ అయిపోతాడు.

2010 తర్వాతి డబ్బు కాలం గురించి తక్కువ చెబుతాను, అందరికీ తెలిసిందే. ఒక రియల్ ఎస్టేట్ సంస్థ గ్వాంగ్‌జౌ జట్టుని కొని, 2011 నుంచి వరసగా ఏడు లీగ్‌లు, 2013, 2015లో రెండు ఆసియా క్లబ్ కప్పులు నెగ్గించింది. బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్ షాంఘైకి 6 కోట్ల యూరోలకి వచ్చాడు. ఖర్చు క్లబ్బుది, రాబడి మాత్రం టికెట్లది కాదు, యజమాని జేబుది. జేబు చిరిగితే అంతే. జియాంగ్సు జట్టు 2020 నవంబర్‌లో ఛాంపియన్, 2021 ఫిబ్రవరి 28న మూత. చూసుకోండి, ఆదివారమే. గ్వాంగ్‌జౌ 2025 జనవరిలో పోయింది. జట్ల పేర్లలోంచి కంపెనీల పేర్లు తీసేయాలని 2021లో నిబంధన తెచ్చారు. సరైన ఆలోచనే, ఇరవై అయిదేళ్లు ఆలస్యం. పైగా కంపెనీల దగ్గర డబ్బు అయిపోతున్న ఏడాదే తెచ్చారు. పేరూ లేక ఎందుకు పెట్టాలని ఉన్నవాళ్లు కూడా చేతులు దులుపుకున్నారు. ఆ కాలంలోనే ఒక జట్టు షాంఘైలో పుట్టి షీఆన్, గుయియాంగ్ తిరిగి బీజింగ్‌లో చచ్చిపోయింది. నాలుగు ఊళ్లు మారిన జట్టుకి ఏ ఊరివాడు ఏడవాలి?

2022 ఫిబ్రవరి 6 కూడా ఆదివారమే. మనవాళ్లకి అది లతా మంగేష్కర్ పోయిన రోజుగా గుర్తు. ఆమె అంత్యక్రియలు ముంబయి శివాజీ పార్క్‌లో జరిగిన సాయంత్రమే, నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియంలో మహిళల ఆసియా కప్ ఫైనల్. దక్షిణ కొరియా 2–0తో ముందుంది. చైనా అమ్మాయిలు రెండూ తిరిగిచ్చి, అదనపు నిమిషాల్లో షియావో యూయీ గోలుతో 3–2 చేశారు. చైనాలో అప్పుడు వసంత పండగ సెలవులు, అంటే వాళ్ల కొత్త సంవత్సరం. మగవాళ్ల జట్టు ఆ పండగ రోజునే వియత్నాం చేతిలో 3–1తో ఓడిన అయిదు రోజులకి.

ఇప్పుడు జనం మళ్లీ వస్తున్నారు, కానీ సూపర్ లీగ్‌కి మాత్రమే కాదు. గుయిజౌ కొండల్లో రోంగ్‌జియాంగ్ అనే పేద జిల్లాలో 2023 మే 13న ఇరవై ఊళ్ల జట్లు లీగ్ పెట్టుకున్నాయి. యుద్ధకాలంలో అక్కడికి తరలివచ్చిన గ్వాంగ్‌షీ విశ్వవిద్యాలయం విద్యార్థుల దగ్గర 1940లలో నేర్చుకున్న ఆటట అది. టికెట్ లేదు. విరామంలో దోంగ్, మియావో తెగల పాటలు. గెలిచినవాళ్లకి ఎద్దు, పంది. ఆడేది చేపలమ్మేవాళ్లు, డ్రైవర్లు, బడి పంతుళ్లు.

2025లో జియాంగ్సు రాష్ట్రం అదే సూత్రాన్ని పదమూడు నగరాలకి పెంచింది. ఛాంపియన్ జట్టు మూతపడిన రాష్ట్రమే ఇది. ఒక ఊరంటే ఇంకో ఊరికి పడదని పేరు, ఆ పడకపోవడమే పెట్టుబడి. జూలై 5న నాన్‌జింగ్‌లో సుజౌతో ఆటకి 60,396 మంది వచ్చారు. చాంగ్‌జౌ నగరం 9.9 యువాన్‌లకి టికెట్‌తో పాటు ఎండు ముల్లంగి వేపుడన్నం కూడా పెట్టింది. జట్టు మాత్రం ఓడుతూనే పోయింది. చైనీస్ లిపిలో చాంగ్ అన్న అక్షరానికి పైన టోపీలాంటి గీతలు, మధ్యలో చిన్న పెట్టె, కింద గుడ్డ ముక్కలాంటి గుర్తు, దాని నడుమ నిలువు గీత ఉంటాయి. ఒక్కో ఓటమికి ఒక్కో భాగం ఊడబెరుకుతూ వచ్చారు నెట్‌లో జనం. మొదట టోపీ పోయింది, తర్వాత పెట్టె పోయింది, ఆ తర్వాత ఒంటి గీత మిగిలింది. అదీ పోయాక సున్నా పెట్టి సున్నాజౌ అన్నారు. ఆ బొమ్మల్ని అందరికంటే ఎక్కువగా పంచుకున్నది చాంగ్‌జౌ వాళ్లే, తర్వాతి ఆటకి టికెట్ల కోసం ఎగబడుతూ.